దొరతాత చేతులు

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండే మా చెల్లెలు సుధ పోయిన ఏడాది సరదాకి ఉమ్మి పరీక్ష చేయించుకుంది. చిన్న గొట్టంలో ఉమ్మి నింపి పోస్ట్ చేస్తే, మన పూర్వీకులు ఏ దేశాల వాళ్ళో, ఈ భూమ్మీద మన రక్తం పంచుకున్నవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో చెప్తారు. మా అమ్మవైపు ఒక ఇంగ్లీషాయన ఉన్నాడని మాకు ముందే తెలుసు. అమ్మకు తాత. పేరు విలియం పాస్కో. కోలారు బంగారు గనుల్లో రాయి పగలగొట్టడానికి ఇంగ్లండ్ నుంచి వచ్చిన మామూలు పనివాడు. మా చెంగమ్మ అవ్వతో కాపురం చేసి, కొడుకు నడక నేర్చేలోపే ఓడెక్కి పోయాడు. మా ఇంట్లో ఆయన్ని దొరతాత అనేవాళ్ళు. ఆయన దగ్గర్నుంచి మాకు దక్కినవి సుధ పిల్లికళ్ళు మాత్రమే అనుకునేవాళ్ళం.

పరీక్ష ఫలితంలో రూత్ అనే పెద్దావిడ పేరు వచ్చింది. నేనుండే మిషిగన్ రాష్ట్రంలోనే, కాకపోతే ఉత్తరం కొసన, కాల్యుమెట్ అనే పాత గనుల ఊళ్ళో ఉంటుంది. విలియం పాస్కో ఆమెకూ తాతే. కోలారు నుంచి పోయినవాడు అక్కడ తేలాడన్నమాట. సుధ సంబరంగా మెసేజ్ పెట్టింది. రూత్ జవాబు మర్యాదగానే మొదలైంది గానీ చివర ఒక ప్రశ్న ఉంది: మీ ఇంట్లో ఎవరికైనా చేతులు వణికే జబ్బు ఉందా?

మా తాతకు, అంటే దొరతాత కొడుక్కి, చేతులు వణికేవి. అన్నం ముద్ద నోటిదాకా పోయేది కాదట. ఊళ్ళో గాలి సోకిందన్నారు, దొర రక్తమన్నారు. మా అమ్మ ఆయన ఆఖరి బిడ్డ. అమ్మకు వచ్చేదో రాదో తెలిసే అవకాశమే లేకుండా, నా చిన్నప్పుడే బస్సు ప్రమాదంలో పోయింది.

ఆ జబ్బు పేరు ఇక్కడ రాయను. నడివయసులో వేళ్ళతో మొదలవుతుంది. తర్వాత కాళ్ళూ చేతులూ వాటంతటవే కదులుతాయి. ఆనక మాట, మింగడం, చివరికి బుద్ధి. మందు లేదు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చేందుకు సగానికి సగం అవకాశం. సుధా వాళ్ళాయన కిరణూ ఆ ఏడాదే పిల్లల కోసం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు. రూత్ ప్రశ్న చదివాక సుధ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసింది.

నేరుగా రక్తపరీక్ష చేయించుకోవచ్చు కదా అని అడిగినవాళ్ళున్నారు. చేయించుకోవచ్చు. కానీ ఒకసారి తెలిశాక తెలియనట్టు బతకడం కుదరదు. ముందు అది మన ఇంట్లోకి ఎక్కడినుంచి వచ్చిందో, అసలు వచ్చిందో లేదో చూద్దాం, మనుషుల్ని కలుద్దాం అంది సుధ. అక్టోబర్‌లో సెలవు పెట్టి డెట్రాయిట్‌లో దిగింది.

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఉత్తరానికి

డెట్రాయిట్ పక్కన ఉండే మా ఇంటి దగ్గర కారెక్కితే కాల్యుమెట్ చేరడానికి దాదాపు రోజంతా పడుతుంది. మేము రెండు రోజులు పెట్టుకున్నాం. నా భార్య లత పులిహోర, కారప్పొడి, రెండు ఫ్లాస్కుల కాఫీ కట్టి ఇచ్చింది. నేను పాస్‌పోర్టూ, హెచ్-వన్ వీసా కాగితాలూ సంచిలో వేసుకున్నాను. అటు కెనడా సరిహద్దు, దారిలో ఎవరైనా ఆపి అడగొచ్చని ఆఫీసులో చెప్పారు. ఎవరూ ఆపలేదు. కానీ తెల్లటి పోలీసు బండి కనిపించిన ప్రతిసారీ సంచి తడుముకున్నాను.

అసలు భయం వేరే ఉంది, అది సుధకు చెప్పలేదు. రెండు నెలలుగా నా ఎడమచేతి చిటికెన వేలు అప్పుడప్పుడు అదురుతోంది. ఆఫీసులో కీబోర్డు మీద చూశాను, స్నానాల గదిలో చూశాను. ఒకసారి లత చూసి, కాఫీ తగ్గించమంది. స్టీరింగ్ మీద ఆ వేలిని మిగతా వేళ్ళ కింద దాచి డ్రైవ్ చేశాను. సుధ నా చేతులకేసే చూస్తున్నట్టు అనిపించింది. బయట మేపుల్ ఆకులు ఎర్రగా మండుతున్నాయి. జనం ఆ రంగులు చూడ్డానికే ఎక్కడెక్కడినుంచో వస్తారు. మేమిద్దరం ఒక్క ఫోటో తీసుకోలేదు.

మాకినా వంతెన

మిషిగన్ రెండు ముక్కల రాష్ట్రం. మధ్యలో సముద్రంలాంటి సరస్సులు. ఆ రెండు ముక్కల్నీ కలుపుతూ మైళ్ళ పొడవున వేలాడే వంతెన ఉంది. నడుమ లైన్ ఇనుప జల్లెడలా ఉంటుంది, టైరు కింద సన్నగా రొద పెడుతుంది, కిందికి చూస్తే నీళ్ళు కనిపిస్తాయి. ఆరోజు గాలి హెచ్చరిక బోర్డు వెలుగుతోంది. వంతెన మొదటికొచ్చేసరికి నా అరచేతులు చెమటపట్టి స్టీరింగ్ జారింది.

భయపడేవాళ్ళ కార్లు నడిపి అవతలికి చేర్చడానికి అక్కడ మనుషులుంటారని విన్నాను. సిగ్గు విడిచి అడిగాను. పసుపు కోటు వేసుకున్న పెద్దాయన వచ్చి నా సీట్లో కూర్చున్నాడు, నేను వెనక్కి వెళ్ళాను. పెద్ద పెద్ద లారీలు తోలే మగాళ్ళు కూడా అడుగుతారు, కొందరు వెనక సీట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటారు అని చెప్పాడు. ఎక్కడికి పోతున్నారని అడిగితే సుధ, చుట్టాలింటికి అంది. ఆయన అద్దంలోంచి మా ఇద్దర్నీ చూసి, మీకు అక్కడ చుట్టాలా అని ఆశ్చర్యపోయాడు. అవతల దిగుతూ, తిరిగొచ్చేటప్పుడు మీరే నడుపుతారులెండి అన్నాడు. అది దీవెనో, మాటవరసకు అన్నాడో తెలీదు.

మార్కెట్ అనే ఊరు

ఆ రాత్రికి ఆగిన ఊరి పేరు పలకడానికి మార్కెట్టే. లత ఫోన్ చేసి ఎక్కడున్నారంటే సుధ మార్కెట్‌లో అంది, ఏ మార్కెట్ అని లత, మార్కెట్టే అని సుధ. ఆ రోజంతటిలో నవ్వింది అప్పుడే.

అక్కడి భోజనం ఈ గనుల నుంచి వచ్చిందే. ఇంగ్లండ్ పనివాళ్ళు పొద్దున్నే జేబులో పెట్టుకుని గనిలోకి దిగే తిండి. పేస్టీ అంటారు. చూడ్డానికి అచ్చం మన కజ్జికాయ, కాకపోతే అరచేతికంటే పెద్దది. లోపల కొబ్బరీ బెల్లం బదులు ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, ఒక రకం పసుపుపచ్చ ముల్లంగి, గొడ్డుమాంసం. మాంసం లేనిది కూడా ఉంది. మా ఇంటి దగ్గర హోటల్లో మసాలా దోసెకయ్యే డబ్బుకే కడుపు నిండిపోయింది. ఉప్పూ కారం ఉండీ లేనట్టుంది. లత కట్టిన కారప్పొడి తీసి చల్లుకుంటుంటే వడ్డించే అమ్మాయి కొంచెం చేతిలో వేయించుకుని నాకి, నీళ్ళ కోసం లోపలికి పరుగెత్తింది.

చేతిలోని గ్లాసు బల్లమీద పెడుతుంటే వేలు అదిరింది. సుధ చూసింది. తన చెయ్యి తీసుకొచ్చి నా చెయ్యి మీద పెట్టింది. ఎప్పటినుంచి అన్నా అని అడిగింది. చెప్పాను. తనకు కనురెప్ప అదురుతోందట, మూడు వారాలుగా. ఇద్దరం చెప్పుకున్నాక భయం సగమవుతుందనుకున్నాను. రెట్టింపయింది.

కాల్యుమెట్

మర్నాడు దారి పొడవునా అడవి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఒకచోట జింక రోడ్డుకు అడ్డం దూకింది. బ్రేకు వేశాను, కారు పక్కకు జారి మట్టిలో ఆగింది. జింక నిలబడి మావైపు చూసి పోయింది. నేను దిగి చూస్తే కారుకి గీత కూడా లేదు.

కాల్యుమెట్ ఒకప్పుడు రాగి గనులతో వెలిగిన ఊరు. ఎర్రరాతి భవనాలు, వెడల్పాటి వీధులు, వాటిలో జనం లేరు. ఊరి చివర గనిలోంచి తోడిపోసిన రాళ్ళ గుట్టలు. కోలారులో మా అమ్మ పుట్టిన లైన్ల, అంటే గని పనివాళ్ళ ఇళ్ళ వరసల వెనక కూడా ఇలాంటి గుట్టలే ఉంటాయి, అవి బూడిదరంగువి. పనివాళ్ళ ఇళ్ళు కూడా ఒకే అచ్చులో పోసినట్టు వరసగా ఉన్నాయి. ఒక గని వదిలి ఇంకో గనికి వచ్చినవాడికి ఇది పెద్ద మార్పుగా అనిపించి ఉండదు. చలి ఒకటే కొత్త. అక్టోబర్‌కే సన్నగా మంచు రాలుతోంది.

రూత్ పిన్ని వంటగది

రూత్ వాకిట్లోనే నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి, స్కూల్ బస్సు నడిపి రిటైరైంది. ఆమె కళ్ళు చూసి నేను ఆగిపోయాను. సుధ కళ్ళే. వాళ్ళిద్దరూ ఒకరి కళ్ళు ఒకరు చూసుకున్నారు. రూత్ వాళ్ళ నాన్నా మా తాతా ఒకే తండ్రి బిడ్డలు. అన్నదమ్ముల పిల్లలు మనకు అక్కాచెల్లెళ్ళు కాబట్టి ఆమె మా అమ్మకు చెల్లెలు వరస, మాకు పిన్ని అని సుధ వివరించింది. ఆవిడ ఆ మాటను రెండు మూడుసార్లు పలికి చూసుకుంది. కూర్చున్నాక ఆమే ఒక సంగతి అడిగింది. వాళ్ళ తాత తనను చిన్నప్పుడు చీనా అని పిలిచేవాడట, చైనా బొమ్మలా ఉన్నావని అనుకునేవాళ్ళట. మాకు వెంటనే అర్థమైంది. చిన్నా.

వంటగదిలో ఏమీ అనే ఆవిడ ఉంది. రూత్ తమ్ముడి కూతురు. మన లెక్కలో మేనమామ కూతురు, నాకు మరదలు, సుధకు వదిన. నా వయసే. ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నా కూర్చున్నట్టు లేదు. భుజం పైకి లేస్తుంది, మెడ తిరుగుతుంది, చెయ్యి గాల్లోకి పోయి దారి మర్చిపోయినట్టు ఆగుతుంది. మమ్మల్ని చూసి నవ్వింది. ఆ నవ్వు మొహం మీద నిలవడానికి చాలా కష్టపడింది.

ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది. అది దాచను. ఆమె ఇల్లు సర్దే పని చేసేదట, కుట్టుపని వచ్చట, పెళ్ళి చేసుకోలేదట. ఇవన్నీ రూత్ చెప్తుంటే నాకు వినబడింది ఒకటే, నా వయసే.

రూత్ మాకోసం మాంసం లేని పేస్టీలు చేసింది. గనిలో ఎవరిది వాళ్ళకు తెలిసేలా అంచుమీద పేరులోని మొదటి అక్షరం చెక్కడం పాత అలవాటట. మా అక్షరాలు కూడా చెక్కింది. ఏమీది మెత్తగా చిదిమి చిన్న చిన్న ముద్దలుగా పెట్టింది. ప్రతి ముద్దకీ ఏమీ మింగేదాకా మాట ఆపేసేది. మేమూ ఆపేసేవాళ్ళం.

తిన్నాక రూత్ చెప్పింది. వాళ్ళ నాన్న ఈ జబ్బుతోనే పోయాడు. తర్వాత తమ్ముడు. ఇప్పుడు ఏమీ. ఇంట్లో అందరూ చెప్పుకునేది ఒకటే, ఇది ముసలాయన ఇండియా నుంచి తెచ్చిన జబ్బు. అక్కడ ఏదో పట్టుకుని వచ్చాడు, తనకేం కాలేదు గానీ పిల్లలకు అంటించాడు. అందుకే ఆయన సమాధి దగ్గరికి ఇంట్లో ఎవరూ పోలేదు.

మా ఊళ్ళో దీన్ని దొర రక్తం అన్నారు. ఇక్కడేమో ఇండియా రోగం అన్నారు. మధ్యలో సముద్రం ఉంది కాబట్టి ఎవరి మాట వాళ్ళకు చెల్లింది.

సుధ మెల్లగా అడిగింది. "ఆయన ఎంత వయసులో పోయారు పిన్నీ?"

ఎనభై దాటాక అంది రూత్. చివరిదాకా చొక్కా గుండీలు తనే కుట్టుకునేవాడట. సూదిలో దారం ఎక్కించమని పిల్లల్ని అడిగేవాడు కాదట. వాళ్ళే కళ్ళజోడు లేకుండా ఎక్కించే తాతను చూడ్డానికి చుట్టూ మూగేవాళ్ళట.

సుధ కుర్చీ ముందుకు జరుపుకుంది. నెలలుగా ఆ జబ్బు గురించి చదవనిది లేదు. "పిన్నీ, ఇది ఒక తరాన్ని దూకి ఇంకో తరానికి పోదు. ఉన్నవాళ్ళ నుంచే వస్తుంది. ఎనభై ఏళ్ళు చేతులు వణకనివాడి దగ్గర ఇది ఉండే అవకాశం లేదు."

రూత్ ఏమీ పెదవి తుడుస్తోంది. తుడవడం ఆపలేదు. ఆయన కాకపోతే ఇక మిగిలింది రూత్ వాళ్ళ నాయనమ్మ మేరీ, అంటే దొరతాత ఇక్కడ చేసుకున్న భార్య; ఆమె ఊపిరితిత్తుల జబ్బుతో చిన్నవయసులో పోయిందని చెప్పారట. ఇంట్లో ఆమె పటం ముందు వాళ్ళ నాన్న ప్రతి ఆదివారం ప్రార్థన చేసేవాడట. గుడ్డ మడిచి పక్కన పెట్టాక రూత్, "నాకు తెలుసేమో" అంది. "అడగాలనుకోలేదేమో."

కోర్టు మెట్లు

పొరుగావిడను ఏమీ దగ్గర కూర్చోబెట్టి రూత్ మాతో జిల్లా కోర్టుకు వచ్చింది. పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ రాసిన పాత పుస్తకాలు అక్కడుంటాయి. మన తాలూకాఫీసులా బంట్రోతును బతిమాలే పని లేదు, అడిగితే తెచ్చి బల్లమీద పెడతారు. పెళ్ళి రాతలో విలియం ఊరు, వృత్తి ఉన్నాయి. ఇంతకుముందు పెళ్ళయిందా అన్న చోట లేదు అని ఉంది. సుధ ఆ మాట మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. మా చెంగమ్మ అవ్వ అక్కడ లేదు.

మేరీ చావు రాత వెతికిన గుమాస్తా, కళ్ళజోడు తీసి, మీరు కూర్చుంటే మంచిది అని రూత్‌తో చెప్పింది. చనిపోయిన చోటు, రాష్ట్రం నడిపే పిచ్చాసుపత్రి. కారణం దగ్గర ఆ జబ్బుకు అప్పటి డాక్టర్లు వాడిన మాట. గుమాస్తా తనంతట తానే మేరీ వాళ్ళ అన్నయ్య చావు రాత కూడా తీసింది. అక్కడా అదే మాట.

నా లోపల ఏదో ఒక్కసారిగా వదులైంది. ఊపిరి పీల్చుకున్నాను. పక్కనే రూత్ ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాగితం మా అన్నాచెల్లెళ్ళను బయటికి వదిలేసింది, ఆమెను మాత్రం ఎక్కడుందో అక్కడే కూర్చోబెట్టింది. పైగా ఆమె నాయనమ్మను కూడా తీసేసుకుంది. నా సంతోషం మొహంలో కనబడుతుందేమోనని తల దించుకున్నాను.

మరి మా తాత చేతుల సంగతేమిటి? కారులోంచే కోలారులో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేశాం. అమ్మ తోబుట్టువుల్లో మిగిలింది ఆమె ఒక్కతే. అక్కడ అర్ధరాత్రి. సుధ అడిగితే పెద్దమ్మ విసుక్కుంది.

"మా నాయనకొక్కడికేనా మే? మిల్లులో బంగారం పట్టేదానికి రాగిరేకులకు పాదరసం పూసే పని ఆయనది. ఆ పని చేసిన వాండ్లందరికీ చేతులు వణికేవి, పండ్లు ఊడిపోయేవి. మా లైన్లో నాలుగిండ్లలో ఉండిరి. గాలి సోకిందని పక్కూరోళ్ళు చెప్పుకున్నారు గానీ, లైన్లో ఉండేవాళ్ళకు తెలీదా?"

ఇన్నేళ్ళూ ఆమెను ఎందుకు అడగలేదని సుధ తర్వాత అంది. అమ్మ పోయాక మేం కడప చేరాం, ఆ ఊరితో రాకపోకలు తెగిపోయాయి. అంతే.

సరస్సు ఒడ్డున

సమాధుల తోట ఊరికి దూరంగా, సరస్సు గాలి తగిలేచోట ఉంది. ఏమీ కూడా వస్తానంది. కారు దిగి తనే నడుస్తానంది. రాళ్ళ మధ్య ఆమె నడుస్తుంటే ప్రతి అడుగుకీ పడిపోతుందని నా ప్రాణం పోయింది. రెండుసార్లు పట్టుకోబోతే రూత్ కళ్ళతోనే వద్దంది.

విలియం పాస్కో రాయి చిన్నది. నాచు పట్టింది. మేరీ పక్కన లేదు. రూత్ చేతి తొడుగు తీసి ఆ నాచు గోకడం మొదలుపెట్టింది. మేమూ కూర్చున్నాం. దొరతాత మీద నాకు ప్రేమ కలిగిందని చెప్తే అబద్ధం. నడక రాని బిడ్డను వదిలేసి, పెళ్ళే కాలేదని రాయించుకున్న మనిషి. కానీ చేయని తప్పు ఒకటి కూడా ఆయన మీద పెట్టారు, రెండు దేశాల్లోనూ.

ఏమీ నా ఎదురుగా నిలబడింది. మాటలు కూడదీసుకోవడానికి ఆమెకు టైం పడుతుంది.

"అయితే మీకు రాదు" అంది.

రాకపోవచ్చు అన్నాను. ఆమె నా మొహం చూసి, తల ఊపింది. అది ఊపడమో జబ్బో తెలియలేదు. తర్వాత నా మోచెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి నా చొక్కా మీద ఆగకుండా కదులుతూనే ఉంది. కారు దాకా అలాగే నడిచాం.

తిరిగొచ్చాక

పెద్దమ్మ మాటా, దొరతాత సూదీ దారం మాటా డాక్టర్‌కి చెప్తే, మీకు ఉండకపోవచ్చు, అయినా మాటలు రుజువు కావు అంది. సుధ డాలస్‌లో పరీక్షకు వెళ్ళింది. ముందు కౌన్సెలింగ్, తర్వాత రక్తం, తర్వాత వారాల తరబడి ఎదురుచూపు. నేను వెళ్ళలేదు. ఇంకా ధైర్యం చాలలేదు. వేలు ఇప్పుడూ అప్పుడప్పుడు అదురుతుంది, కాఫీ తగ్గిస్తే తగ్గుతోంది.

ఫలితం వచ్చిన రోజు సుధ ఫోన్ చేసింది. ఆ జబ్బు లేదు. చాలాసేపు ఏడ్చింది. కిరణ్‌కి చెప్పావా అని అడిగాను.

"తర్వాత చెప్పాను అన్నా. ముందు ఏమీకి చేశాను. ఇంకొకళ్ళ ద్వారా తెలియకూడదనిపించింది."

ఏమందని అడిగాను.

"మాటలు కూడదీసుకుంటుంటే ఊపిరి వినిపించింది. తర్వాత, పాపో బాబో పుడితే తెచ్చి నాకు చూపించు అంది. కొంచెం తొందరగా, అంది."